అనియెల్లో మాస్టారి లెక్కలో మనుషులు రెండే రకాలు

అనియెల్లో మాస్టారి లెక్కలో ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. ఆడా మగా కాదు, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కాదు. కన్సర్వేటరీ వాళ్ళు, యూనివర్సిటీ వాళ్ళు. చేత్తో చేసేవాడు కన్సర్వేటరీ. చేసేదాని గురించి నోటితో చెప్పేవాడు యూనివర్సిటీ. మూడో రకాన్ని దేవుడు పుట్టించలేదని ఆయన గట్టి నమ్మకం. ఆ దేవుడి సంగతి కూడా ఆయన తేల్చేశారు. ఆరు రోజులు వంచిన నడుం ఎత్తకుండా లోకాన్ని తయారుచేశాడు, అంతవరకూ కన్సర్వేటరీ. ఏడో రోజు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, అక్కడ యూనివర్సిటీలో చేరాడు. ఈ మాట చర్చిలో ఫాదరుతోనే అన్నారు. ఫాదరు నవ్వాలో తిట్టాలో తెలియక ఆశీర్వదించి పంపేశాడు.

మాస్టారు నేపుల్స్ కన్సర్వేటరీలో వయోలా నేర్పేవారు. వయోలా అంటే వయొలిన్‌కి అక్కలాంటిది, ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురుది. కన్సర్వేటరీలో పొద్దున్నించి సాయంత్రం దాకా వాయించడమే చదువు. కొండ కిందికి దిగితే యూనివర్సిటీ. అక్కడా సంగీతం చదువుతారు గానీ వాయించరు. ఎవరు ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు, ఎలా కట్టారు, అదంతా పుస్తకాల్లో చదివి, విని, మళ్ళీ పుస్తకాలు రాస్తారు. రెండింటికీ మధ్య నడిస్తే పది నిమిషాలు. మాస్టారి లెక్కలో సముద్రం.

కన్సర్వేటరీ గేటుకి ఎదురుగా అసుంతా కొట్టు. నూనెలో వేసే పిజ్జా అమ్ముతుంది. మర్యాదకి ఆమెని దొన్నా అసుంతా అంటారు, అంటే అసుంతా గారు. అసుంతాకి చదువు తక్కువ, గొంతు ఎక్కువ. మాస్టారు రోజూ మధ్యాహ్నం వచ్చి, నిలబడి తిని, తింటూనే ఊళ్ళో అందర్నీ రెండు బుట్టల్లో పడేసేవారు.

"చేపలమ్మే సాబాతో అని ఒకడున్నాడే, చేత్తో పట్టుకుని బరువు చెప్తాడు. అసలైన కన్సర్వేటరీ," అనేవారు.

"అవును మాస్టారూ, మంచివాడు."

"నిన్నటిదాకా. ఇవాళ ఆ చేపని ఎలా వండాలో నాకు పావుగంట చెప్పాడు. ఇంట్లో వంట వాళ్ళావిడ చేస్తుంది. చెడిపోయాడు. యూనివర్సిటీ అయిపోయాడు."

పన్ను పీకిన డాక్టరు నోరు మెదపకుండా పీకాడని కన్సర్వేటరీ. ఎలక వెళ్తుంటే దాన్ని కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్న పిల్లి యూనివర్సిటీ. ఎండలో దర్జాగా తెరుచుకుని వానలో మొరాయించే తన గొడుగు యూనివర్సిటీ. గుర్రుగుర్రుమని అంత చప్పుడు చేసి చివరికి అరకప్పు కూడా దించని కాఫీ కెటిల్ అయితే యూనివర్సిటీలో హెడ్డు.

"మరి నేనేంటి మాస్టారూ?" అని అసుంతా ఒకసారి అడిగింది.

"పిజ్జా నూనెలో వేస్తున్నంతసేపూ కన్సర్వేటరీ, దొన్నా అసుంతా."

"నోరు తెరిస్తే?"

"నోరు తెరిస్తే డిపార్టుమెంటు మొత్తం."

క్యూలో ఉన్నవాళ్ళు పిజ్జా గొంతుకడ్డం పడేలా నవ్వారు. అసుంతా కూడా నవ్వింది. అప్పుడు ఆ మాట ఆమెని ఎక్కడా కుట్టలేదు.

ఆ లెక్క సందంతా పాకిపోయింది. బంతి గోలులోకి కొట్టలేని పిల్లాణ్ణి తోటి పిల్లలు "ఒరే యూనివర్సిటీ" అనేవారు. మొగుడు కుర్చీ బాగుచేస్తానని మేకులన్నీ పోగొడితే పెళ్ళాం కిటికీలోంచి అదే మాట అనేది. యూనివర్సిటీలో నిజంగా చదివే కుర్రాళ్ళు ఆ సందులోకి వస్తే పుస్తకాలు చొక్కా కింద దాచుకుని నడిచేవారు.

ఈ గొడవలో మాస్టారికి ఒక ఆస్థాన శత్రువు ఉండేవాడు. ప్రొఫెసర్ కాస్తాల్దో. యూనివర్సిటీలో సంగీత చరిత్ర చెప్తాడు. పొడుగ్గా, ఎండిన బీన్సు కాయలా ఉంటాడు. ఇద్దరూ సందులో ఎదురుపడితే టోపీలు తాకి, చెరో వైపుకి రోడ్డు దాటేవారు. కొన్నిసార్లు ఇద్దరూ ఒకే వైపుకి దాటి, మళ్ళీ దాటాల్సి వచ్చేది.

"పిల్లనగ్రోవి మీద నాలుగొందల పేజీలు రాశాడు. కొవ్వొత్తి ఊది ఆర్పమనండి చూద్దాం," అనేవారు మాస్టారు.

"నలభై ఏళ్ళుగా ఒకటే పాట నేర్పుతున్నాడు. అది రాసినవాడు ఎప్పుడు పుట్టాడో అడగండి," అనేవాడు కాస్తాల్దో.

"పుట్టాడు కదా. అది చాలు," అనేవారు మాస్టారు.

అయితే ఈ తమాషాలో ఒక ముల్లు ఉంది. రెండు మూడేళ్ళకోసారి మాస్టారు తన దగ్గర నేర్చుకుంటున్న ఒకర్ని మధ్యలో ఆపేసి, "నువ్వు యూనివర్సిటీ. రేపట్నించి నా గదికి రాకు," అని బయటికి పంపేసేవారు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న పిల్లలు. మంచీ చెడూ లేదు, అంతే. ఒక పిల్లాడి తల్లి ఆ కోపంతో మూడో అంతస్తు నుంచి మాస్టారి నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. ఆయన గొడుగు తెరుచుకోలేదు. తడిసిన కోటుతోనే వచ్చి అసుంతా కొట్టు ముందు నిలబడి పిజ్జా అడిగారు. "ఆమె గురి చూశారా? కన్సర్వేటరీ," అన్నారు.

అసుంతా ఆరోజు ఆయనకి తుండు ఇచ్చింది. ఆ తల్లిది కాస్త ఎక్కువే అనుకుంది కూడా.

అసుంతాకి ఒక్కతే కూతురు, మిరెల్లా. వాళ్ళ నాన్న ఊళ్ళో ఒపేరా హాలులో తెరలు లాగేవాడు. కూతుర్ని భుజాన ఎక్కించుకుని, స్టేజీ ముందు గుంటలో నల్లబట్టలు వేసుకుని వాయించేవాళ్ళని చూపించేవాడు. "నువ్వు అక్కడ కూర్చుంటావు. నేను తెర లేపుతాను," అనేవాడు. పిల్ల బడిలో చేరిన ఏడాదే గుండె ఆగి పోయాడు. ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. అసుంతా నూనె పొగలో నిలబడి ఆ మాటనే మోసింది. పిల్లకి పదేళ్ళు రాగానే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి మాస్టారి గదిలో వదిలింది. నల్ల గుడ్డ కూడా అప్పుడే కొని పెట్టెలో పెట్టింది, పెద్దయ్యాక గౌను కుట్టించొచ్చని.

మిరెల్లా బాగా వాయించేది. మాస్టారు ఎవర్నీ మెచ్చుకోరు. ఆయన మెచ్చుకోలు ఏంటంటే తిట్టడం మానేసి కిటికీలోంచి బయటికి చూడటం. మిరెల్లా వాయిస్తుంటే కిటికీలోంచి చాలాసేపు చూసేవారు. మేడమీంచి ఆ వయోలా వినిపిస్తే అసుంతా పొయ్యి మంట తగ్గించేది. కొన్నవాళ్ళకి పిజ్జా పచ్చిగా వచ్చేది. ఎవరూ గొడవ చేసేవారు కాదు.

నేర్చుకోవడం మొదలుపెట్టాక పదో ఏడు సగంలో ఉండగా మిరెల్లా ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ వాటంతటవే లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. కప్పు పట్టుకుంటే బాగానే ఉండేవి. జడ వేసుకుంటే బాగానే ఉండేవి. వయోలా మీద పెడితే చాలు, అత్తిపత్తి ఆకుల్లా ముడుచుకునేవి. పిల్ల ఎవరికీ చెప్పలేదు. తల్లికి అర్థమయ్యేటప్పటికి నెలలు గడిచాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, సూదులు గుచ్చి చూశారు. "ఎముక బాగుంది, నరం బాగుంది. తలలోంచి వేళ్ళకి వెళ్ళే కబురు దారి తప్పుతోందమ్మా," అన్నాడు డాక్టరు.

"మరి దారిలో పెట్టండి," అంది అసుంతా.

ఆ డాక్టరు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం అసుంతా మాస్టారికి పిజ్జా కట్టి మేడమీదికి పట్టుకెళ్ళింది. గది తలుపు తీసే ఉంది. మిరెల్లా వాయిస్తోంది, ఒకచోటికి వచ్చి తప్పుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది, మళ్ళీ అక్కడికే వచ్చి తప్పుతోంది. మాస్టారు కిటికీ వైపు చూడటం లేదు. పిల్ల చేతినే చూస్తున్నారు. లేచి, వయోలా ఆమె చేతుల్లోంచి తీసుకున్నారు. కమాను వెంట్రుకలు వదులు చేశారు. రెండింటినీ పెట్టెలో పెట్టి మూత వేశారు. పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా చేశారు ఆ పనంతా. అన్న మాట మాత్రం రాయిలా ఉంది.

"నువ్వు యూనివర్సిటీ. రేపట్నించి నా గదికి రాకు."

"మాస్టారూ, నెమ్మదిగా వాయిస్తే..."

"వద్దు."

"వేసవంతా సాధన చేస్తే..."

"వద్దన్నాను. కాస్తాల్దో దగ్గరికి పో. అక్కడ వేళ్ళు అక్కర్లేదు."

మిరెల్లా ఏడవలేదు. పెట్టె తీసుకుని తల్లి పక్కనించే, తల్లిని చూడకుండా మెట్లు దిగిపోయింది. అసుంతా చేతిలో పిజ్జా ఉంది. దాన్ని మాస్టారి బల్ల మీద, స్వరాల కాగితాల మీద, బోర్లా పెట్టింది.

"పదేళ్ళు మీ నోటికి తిండి పెట్టాను," అంది. ఇంకా చాలా అనాలనుకుంది. డిపార్టుమెంటు మొత్తానికి ఆరోజు సెలవు.

మర్నాటి నుంచి కొట్లో మాస్టారికి పిజ్జా లేదు. ఆయన మామూలుగానే వచ్చి క్యూలో నిలబడేవారు. ఆయన వంతు వచ్చేసరికి అసుంతా వెనకున్నవాణ్ణి చూసేది.

"నూనె అయిపోయిందా, దొన్నా అసుంతా?"

"మీకు అయిపోయింది."

"సరే," అని వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ వచ్చేవారు. ఈ నాటకం రోజూ చూసి క్యూలో వాళ్ళకి అలవాటైపోయి, ఆయన వంతుకి రాగానే వాళ్ళే "మీకు అయిపోయింది మాస్టారూ" అనేవారు.

మిరెల్లా మాత్రం రోజూ పొద్దున్నే ఎప్పటిలాగే వయోలా పెట్టె భుజాన వేసుకుని బయల్దేరేది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. అసుంతాకి ఆశ పుట్టింది. ఇంకో మాస్టారు దొరికాడేమో, పిల్ల అడిగితే చెప్పదేమో అనుకుంది. ఒకరోజు గుమ్మంలో అడ్డంగా ఉందని పెట్టె పక్కకి పెట్టబోయింది. దూదిలా పైకి లేచింది. తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. వయోలా మంచం కింద దుప్పట్లో చుట్టి ఉంది. పిల్ల ఖాళీ పెట్టె తగిలించుకుని వెళ్ళి, మధ్యాహ్నం దాకా రేవులో ఓడలు చూస్తూ కూర్చుని వస్తోంది. సందులో వాళ్ళు అడక్కుండా ఉండాలని.

అసుంతా పెట్టె మూసి, ఉన్నచోటే పెట్టేసింది. ఆరోజు పిజ్జాలో ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు.

ఏదో ఒకటి చెయ్యాలి. మా ఊళ్ళో ఏ పని కావాలన్నా ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళ దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు. మిఠాయి కొట్లో ట్రే కట్టించి, దాని మీద రిబ్బను చుట్టించి పట్టుకెళ్ళాలి. ఆ రిబ్బను చూస్తే ఎవరో ఎవరికో సిఫారసు చెప్పించుకోబోతున్నారని ఊరంతటికీ తెలుస్తుంది. అసుంతా బాగా ఆలోచించింది. అనియెల్లో మాస్టారి నోరు మూయించగలిగేది ఎవరు? ఆయన శత్రువే. కాస్తాల్దో దగ్గరికి వెళ్ళి, "మీరూ మీరూ సమానం. నా పిల్లని వెనక్కి తీసుకోమని ఆ ముసలాడి మెడలు వంచండి," అని అడగాలి. క్రీము పెట్టిన మిఠాయిలు, పొరలు పొరలుగా ఉండేవి, పెద్ద ట్రే కట్టించింది.

యూనివర్సిటీ నడవాలో ప్రొఫెసరు గది వెతుక్కుంటూ వెళ్తుంటే ముందు ఒక వీపు కనిపించింది. ఆ కోటు తనకి తెలుసు. నీళ్ళు కారుతుంటే తుండు ఇచ్చిన కోటు. మాస్టారు. ఆయన చేతిలో కూడా ట్రే ఉంది. రిబ్బనుతో సహా. ఆయన తలుపు కొట్టి లోపలికి వెళ్ళారు. తేమకి ఉబ్బిన తలుపు సరిగ్గా పడలేదు. అసుంతా పక్కనే ఉన్న స్తంభానికి అతుక్కుపోయింది.

"ఈ ఏడాది ఎవర్ని నాశనం చేశావు, అనియెల్లో?" ఇది కాస్తాల్దో గొంతు.

"ఒక్కతే."

"కూర్చో. ఆ ట్రే దూరంగా పెట్టు. నాకు షుగరని వచ్చినప్పుడల్లా చెప్తున్నాను."

"నీకు కాదు. నీ గుమాస్తాకి. వాడు ఎదిగే వయసులో ఉన్నాడు."

"వాడికి యాభై ఏళ్ళు. సరే, చెప్పు. ఎవరు?"

"వయోలా వాయించే పిల్ల. వాయించేది. చెయ్యి పోయింది."

లోపల కుర్చీ దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"నీ లాగానా?" అన్నాడు కాస్తాల్దో.

"నా లాగానే. అవే రెండు వేళ్ళు."

అసుంతా ట్రేని గుండెకి అదుముకుంది. లోపల క్రీము చితికిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"యూనివర్సిటీలో ఎవరైనా చేరొచ్చు, అది నాకు తెలుసు," అంటున్నారు మాస్టారు. "కానీ నీ క్లాసులో మూడొందల మంది ఉంటారు. ఆ పిల్ల వెనక బెంచీలో కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా, క్రిస్మస్‌కల్లా మానేస్తుంది. నువ్వు పేరు పెట్టి పిలవాలి. ఆ చెవులు చూడు నువ్వు. నడవాలో ఎవరైనా పియానో మూత వేస్తే అది ఏ గదిలోదో చెప్తుంది. నలుగురు కలిసి వాయిస్తుంటే ఎవడికి పొద్దున్నే పెళ్ళాంతో గొడవైందో చెప్తుంది. అలాంటి చెవుల్ని నేను పదేళ్ళు వేళ్ళకి కట్టేశాను. ఆ కట్టు విప్పు."

"ఈ మాటలు ఆమెతో అనొచ్చుగా. కుక్కలా అరవడం ఎందుకు?"

"మెత్తగా చెప్తే వెళ్ళరయ్యా. నా మీద ప్రేమతో ఇంకో రెండేళ్ళు ఉండిపోతారు. మా మాస్టారు చాలా మంచివాడు. నా వేళ్ళు ముడుచుకుంటుంటే, తగ్గిపోతుంది నాయనా, నెమ్మదిగా వాయించు అన్నాడు. ఎన్నో ఏళ్ళు అలాగే అన్నాడు. ఒక్క చెడ్డ మాట అనలేదు. ఆయన పోయేటప్పటికి నాకు వేళ్ళూ లేవు, ఇంకోటి మొదలుపెట్టే వయసూ లేదు. అంత మంచివాడు ఇంకొకరికి దొరక్కూడదు."

"అది సరే. మరి ఊళ్ళో చేపకీ పిల్లికీ గొడుక్కీ అందరికీ ఆ పేరు పెట్టి తిరగడం ఎందుకు?"

మాస్టారి గొంతు తగ్గిపోయింది. అసుంతా చెవి తలుపుకి ఆనించాల్సి వచ్చింది.

"కొత్త చెప్పు కరుస్తుంది కదా. పాత చెప్పు కరవదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒక పిల్లకి ఆ మాట చెప్పాల్సొస్తుంది. అప్పటికి అది బాగా అరిగిపోయి, నవ్వుకునే మాటగా ఉంటే తక్కువ నొప్పి పుడుతుందనుకున్నాను. అందుకని రోజూ తొడుక్కుని తిరిగాను."

కాస్తాల్దో చాలాసేపు దగ్గాడు. అది నవ్వో ఇంకోటో తెలియలేదు.

"అనియెల్లో, ఇన్నేళ్ళు కష్టపడి నువ్వు దాన్ని ఊళ్ళో అన్నిటికంటే పెద్ద తిట్టు చేశావు. మా కుర్రాళ్ళు పుస్తకాలు చొక్కాలో దాచుకుంటున్నారు."

"నిజమా?"

"నిజం."

"అయితే సరిగ్గా కుదర్లేదు," అన్నారు మాస్టారు. "నాకు మాటలేం తెలుసు. నేను కన్సర్వేటరీ."

"పో ఇంక. ఎవరైనా చూస్తే ఆ పిల్ల సిఫారసు మీద వచ్చిందంటారు. రేపు సందులో కనిపిస్తే ఎడమవైపుకి దాటు. పోయినసారి ఇద్దరం ఒకే వైపుకి వచ్చాం."

మాస్టారు తలుపు తీసేసరికి ఎదురుగా అసుంతా, ఆమె చేతుల్లో నలిగిపోయిన ట్రే, రిబ్బను మీద కారుతున్న క్రీము.

"ఎంతసేపటి నుంచి ఉన్నారు, దొన్నా అసుంతా?"

"వేళ్ళ దగ్గర్నించి."

ఆయన ఎడమచెయ్యి కోటు జేబులోకి వెళ్ళిపోయింది. పదేళ్ళుగా ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనో, టోపీ కిందో ఉండేదని అసుంతాకి అప్పుడు తట్టింది. గొప్పకోసం అలా పెట్టుకుంటారనుకునేది.

"పిల్లకి చెప్పొద్దు," అన్నారాయన.

"ఎందుకు చెప్పకూడదు? ఆ పిల్ల మిమ్మల్ని శపిస్తోంది."

"శపించనివ్వండి. కోపం ఉన్నవాళ్ళు పొద్దున్నే లేస్తారు. దిగులున్నవాళ్ళు లేవరు."

అసుంతా కళ్ళు తుడుచుకుంది. చెంపకి క్రీము అంటుకుంది. "రేపు కొట్టుకి రండి మాస్టారూ. నూనె ఉంటుంది."

"అస్సలు వద్దు. పిల్ల చూస్తుంది. మీరు నన్ను ఇంకా గట్టిగా తరమాలి."

మర్నాటి నుంచి అసుంతాకి నరకం. నిజం కోపమైతే ఒక్క ముక్కలో తేలిపోయేది. ఇప్పుడు నటించాలి. మిరెల్లా కొట్టు వెనక కూర్చుని ఉంటే, మాస్టారి వంతు రాగానే, "మీకు లేదు, పొండి, సిగ్గులేదా, రాయి లాంటి మనిషీ," అని మూడు సందులు వినిపించేలా అరిచేది. అరుస్తూ అరుస్తూ గొంతు జీరబోయేది. మాస్టారు వెనక్కి తిరుగుతూ, "కాస్త ఎక్కువైంది," అని గొణిగేవారు. తర్వాత చేపల సాబాతో బుట్టలో, చేపల కింద, కాగితంలో చుట్టిన వేడి పిజ్జా మాస్టారింటికి వెళ్ళేది. ఆయన ఆ ఏడాదంతా పిజ్జాని చేపల వాసనతోనే తిన్నారు.

సెప్టెంబరు వచ్చింది. ఆ రోజుల్లో ఒక చట్టం ఉండేది. ఒక మనిషి పేరు రెండు చదువుల్లో ఉండకూడదు. యూనివర్సిటీలో పేరు రాయించుకోవాలంటే ముందు కన్సర్వేటరీలో కొట్టేయించుకోవాలి. అసుంతా కూతుర్ని వెంటబెట్టుకుని కన్సర్వేటరీ ఆఫీసుకి వెళ్ళింది. ఎలా ఒప్పించిందంటే, ఆ ముసలాడికి బుద్ధి చెప్పాలంటే కాస్తాల్దో దగ్గర ఫస్టు రావాలి అంది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు, అందుకే గోడవైపు తిరిగి చెప్పింది.

కౌంటర్లో గుమాస్తా మంచివాడు. "పేరు తీసేస్తే మళ్ళీ చేర్చుకోరమ్మా. పదేళ్ళ చదువు. బాగా ఆలోచించుకున్నావా?" అన్నాడు.

మిరెల్లా ఎడమచెయ్యి ఎత్తి కౌంటరు మీద పెట్టింది. "ఇది ఆలోచించింది," అంది.

సంతకం పెట్టింది. పైనెక్కడో ఎవరో వయోలా వాయిస్తున్నారు, ఇంకెవరో. మెట్లు దిగుతూ మిరెల్లా మధ్యలో ఆగి, మెట్టు మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. పదేళ్ళూ కలిపి ఏడ్చింది. అసుంతా పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉంది. వచ్చేపోయే పిల్లలు వయోలాలూ వయొలిన్లూ గోడకి ఆనించి పట్టుకుని, వాళ్ళని తాకకుండా దాటుకుని వెళ్ళారు. ఇంటికెళ్ళాక అసుంతా పెట్టెలోంచి నల్ల గుడ్డ తీసి, ఎవరికీ చెప్పకుండా పొరుగావిడకి ఇచ్చేసింది. ఆవిడ మొగుడు ఆ వారమే పోయాడు, మా ఊళ్ళో చావుకి నలుపే కడతారు.

చలికాలమంతా మిరెల్లా పుస్తకాల మీద ముడుచుకుని ఉండేది. మాట్లాడేది కాదు. కాస్తాల్దో తనని మొదటిరోజే పేరు పెట్టి పిలిచి ముందు బెంచీలో కూర్చోమన్నాడని మాత్రం ఒకసారి చెప్పింది. "ఎందుకు పిలిచాడో తెలియదమ్మా." అసుంతా పిండి పిసుకుతూ, "నీ పేరు పలకడం తేలికేమో," అంది.

మా యూనివర్సిటీలో పరీక్షంటే అందరి ముందూ నోటితో చెప్పడమే. తలుపులు తీసే ఉంటాయి, ఎవరైనా వచ్చి వెనక కూర్చోవచ్చు. మిరెల్లా పరీక్ష రోజు అసుంతా కొట్టు మూసింది. వెనక బెంచీలో కూర్చునేసరికి పక్కన చేపల వాసన వచ్చింది. మాస్టారు. టోపీ ముక్కుదాకా దించుకుని, ముందు కూర్చున్న లావుపాటి కుర్రాడి వెనక నక్కి ఉన్నారు.

కాస్తాల్దో ఒక పాత రేడియో టేపు పెట్టాడు. నలుగురు కలిసి వాయిస్తున్న సంగీతం, రెండు వయొలిన్లు, ఒక వయోలా, వాటికి తాతలాంటి చెల్లో, గరగరమంటోంది. అంతకుముందు వచ్చిన కుర్రాళ్ళు అది ఎప్పుడు రాసిందో, ఏ పద్ధతిలో కట్టిందో గడగడా చెప్పి వెళ్ళారు. మిరెల్లా కూడా అవన్నీ చెప్పింది. చెప్పి ఆగిపోయింది.

"ఇంకేమైనా విన్నావా?" అన్నాడు కాస్తాల్దో.

"ఇంకోసారి పెడతారా?"

పెట్టాడు. మిరెల్లా తల వంచుకుని విన్నది. ఆమె ఎడమచెయ్యి బల్ల మీద ఉంది.

"వయోలా వాయించే ఆయన చెయ్యి బాగాలేదు," అంది. "అందరూ చిటికెన వేలు పెట్టే చోట ఆయన చేతినంతా పైకి జరుపుకుంటున్నాడు. జరిపినట్టు తెలియకూడదని చాలా కష్టపడుతున్నాడు. ఆ కష్టం వల్లే అక్కడ అంత బాగుంది. ఎందుకలా వాయిస్తున్నాడో పక్కవాళ్ళెవరికీ తెలియదు. ఆయన ఒక్కడికే తెలుసు."

కాస్తాల్దో టేపు ఆపాడు. "ఇరవై ఏళ్ళుగా ప్రతి పరీక్షలో ఈ టేపు పెడుతున్నాను," అన్నాడు. వెనక బెంచీ వైపు చూశాడు. మిరెల్లా ఆయన చూపు వెంట తిరిగింది. లావుపాటి కుర్రాడు సరిగ్గా అప్పుడే చీదడానికి వంగాడు.

మాస్టారికి దాక్కునే చోటు లేకుండా పోయింది. లేచి నిలబడ్డారు. టోపీ తీశారు. రెండు చేతులతో పట్టుకున్నారు, ఎడమచెయ్యి కూడా బయటే ఉంది.

"ఆరోజు స్టూడియోలో చలి," అన్నారు.

మిరెల్లా ఆ చేతినే చూస్తోంది. చూసి చూసి, "చలి కాదు మాస్టారూ," అంది. చాలా మెల్లగా అంది.

"సరే. చలి కాదు."

అసుంతా ఏడుస్తూ ముక్కు చీదుకుంటోంది. కాస్తాల్దో మార్కులు వేస్తున్నట్టు కాగితంలోకి తల దూర్చేశాడు. అలాగే నిలబడి ఉండటం మాస్టారి వల్ల కాలేదు.

"ఆ వయోలా సంగతే అందరికీ కావాలి," అన్నారు. "చెల్లో వాయించినవాడు మొదట్నించి చివరిదాకా శ్రుతి తక్కువే. వాడి గురించి ఒక్కరూ మాట్లాడరేం?"

"మొదట్నించి కాదు మాస్టారూ," అంది మిరెల్లా. కళ్ళ నిండా నీళ్ళు, మూతి మాత్రం బిగబట్టుకుంది. "రెండో భాగం నుంచి."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఎప్పటిదో ఆ రోజుని తలలో మొత్తం ఒకసారి వాయించుకున్నారు. హాలంతా ఆగింది.

"రెండో భాగం నుంచే," అన్నారు.